చెట్టు పేరు చెప్పిందెవరు?

మా బడి నుంచి నెలకొక ఆదివారం మొక్కల నడకకు బయలుదేరతాం. గట్టి వానల రోజులు, పోడు కోతల రోజులు వదిలేస్తాం. నాతో మూడు రకాల మనుషులు వస్తారు. మా ఆశ్రమ పాఠశాల పిల్లలు ఒకరు. మైదానం నుంచి వచ్చే మొక్కల ప్రేమికులు రెండోవారు. వాళ్లలో కాలేజీల్లో వృక్షశాస్త్రం చెప్పేవాళ్లు, చదువుకునేవాళ్లు, సెలవు రోజున కెమెరా భుజానేసుకుని వచ్చే ఉద్యోగులు ఉంటారు. మూడోవారు మా ఊరి పెద్దలు. ముందు చింతచెట్టు కింద కూర్చుని అరగంట మాట్లాడుకుంటాం. తర్వాత వాగు దాటి, కొండ మొదలుదాకా నడిచి, ఎండ ముదిరేలోగా తిరిగొస్తాం.

నేను కొండరెడ్ల అమ్మాయిని. బోటనీలో డిగ్రీ లేదు. ఇంటర్మీడియెట్ అయ్యాక టీచర్ ట్రైనింగ్ చేసి, మారేడుమిల్లి ఏజెన్సీలోనే ఉద్యోగం చేస్తున్నాను. శాస్త్రీయ నామాలు పుస్తకాలు చూసి నేర్చుకున్నాను. మిగతాదంతా మా అమ్మ వెనకాల బుట్ట పట్టుకుని తిరిగి నేర్చుకున్నది. ఈ రెండు చదువుల మధ్య నిలబడి చూసింది, విన్నది మీకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

నడకలో మొదట ఆగేది అడ్డతీగ దగ్గర. పెద్ద పెద్ద చెట్లను చుట్టుకుని పైకి పాకి, పందిరిలా కమ్ముకునే తీగ ఇది. ఆకు రెండుగా చీలి ఎద్దు డెక్కలా ఉంటుంది. మా ఆడవాళ్లు ఆ ఆకులు కోసి, ఆరబెట్టి, విస్తళ్లు కుడతారు. కాయలు ఎండితే టప్పుమని పేలి గింజలు దూరంగా పడతాయి. ఆ పిక్కలు కాల్చుకుని తింటాం. ఇదంతా పిల్లలకు తెలుసు. అప్పుడు నేను దీని శాస్త్రీయ నామం చెబుతాను: బౌహీనియా వాహ్లీ. బౌహీన్ అనేది ఐరోపాలోని ఇద్దరు అన్నదమ్ముల ఇంటిపేరు. ఇద్దరూ వృక్షశాస్త్రజ్ఞులే. ఆకుకు రెండు రెక్కలున్నాయి కాబట్టి ఆ ఇద్దరి గుర్తుగా లిన్నేయస్ ఈ జాతికి వాళ్ల పేరు పెట్టాడు. వాహ్ల్ అనే ఆయన డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు.

ఒకసారి అయిదో తరగతి పిల్ల లేచి అడిగింది: "టీచర్, వాళ్లు ముగ్గురూ అడ్డాకులో అన్నం తిన్నారా?" అందరూ నవ్వారు. నేను నవ్వి ఊరుకోలేకపోయాను. శాస్త్రానికి ఒక పద్ధతి ఉంది, ప్రపంచమంతా ఒకే పేరుతో పిలుచుకోవడానికి అది కావాలి అని చెప్పాను. ఆ తర్వాత నేనూ ఒక ప్రశ్న అడిగాను. "మన పక్క మండలం పేరేమిటి?" "అడ్డతీగల!" అని అరిచారు. "మనది?" "మారేడుమిల్లి!" "ఆ కిందది?" "చింతూరు!" పుస్తకంలో మన తీగకు మనుషుల పేర్లు పెట్టారు. ఇక్కడ మన ఊళ్ల పేర్లలో చెట్లున్నాయి. రెండూ తెలిసినవాడే ఈ కొండల్లో చదువుకున్నవాడని వాళ్లకు చెబుతాను.

తర్వాత జీలుగు చెట్టు. దీని గురించి మాట్లాడేటప్పుడు హాస్టల్ పిల్లలు కొంచెం తల దించుకుంటారు. జీలుగు అనగానే కల్లు అనీ, కల్లు అనగానే తాగుబోతులనీ బయట ఎవరో వాళ్ల చెవిన వేసి ఉంటారు. అందుకే ఈ చెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబెడతాను. జీలుగు పది పదిహేనేళ్లు పెరిగాకే పూస్తుంది. మొదటి గెల పైన వేస్తుంది, తర్వాతవి ఒక్కొక్కటీ కిందకి దిగుతూ వస్తాయి. అట్టడుగు గెల కూడా అయిపోయాక చెట్టు చచ్చిపోతుంది. పండు గుజ్జు చేతికి తగిలితే దురద మండిపోతుంది. అందుకే లాటిన్‌లో దీన్ని కేరియోటా యూరెన్స్ అన్నారు. యూరెన్స్ అంటే మంట పుట్టించేది. తెల్లటి బెరడుతో ఎండాకాలం ఆకులు రాల్చుకుని నిలబడే మన తపసి చెట్టుకూ అదే మాట తగిలించారు, దాని కాయల మీద నూగు గుచ్చుకుంటుంది కాబట్టి. కరువు రోజుల్లో జీలుగు మాను చీల్చి, లోపలి పిండి తీసి, మా తాతలు ప్రాణాలు నిలుపుకున్నారు. 1879 రంప పితూరీకి ముఖ్య కారణాల్లో ఒకటి ఈ కల్లు గీత మీద వేసిన పన్నులు, ఆంక్షలు. ఒక చెట్టు కోసం ప్రభుత్వాన్ని ఎదిరించినవాళ్ల మనవలు ఆ చెట్టు దగ్గర తల దించుకోవడమేమిటని అడుగుతాను. అప్పుడు తలలు లేస్తాయి.

మైదానం నుంచి వచ్చినవాళ్లకు బాగా నచ్చేది సోమి చెట్టు కథ. సోమిద అని కూడా అంటారు. వేప కుటుంబానికి చెందిన పెద్ద చెట్టు. బెరడు వగరు, చేదు. కాయ ఎండి అయిదు ముక్కలుగా విచ్చుకుంటే కొయ్యతో చేసిన పువ్వులా ఉంటుంది. దీని శాస్త్రీయ నామం సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. మొదటి మాట తెలుగే, మన సోమిదే. రెండో మాటకు జ్వరాన్ని తరిమేది అని అర్థం.

ఈ పేరు వెనకాల విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండ్ వైద్యుడున్నాడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో 1781 ప్రాంతంలో సామర్లకోట వచ్చి, అక్కడ మొక్కల తోట పెంచాడు. 1793లో కలకత్తా తోటకు వెళ్లేదాకా ఈ ప్రాంతపు మొక్కల్ని సేకరించి, వర్ణించి, బొమ్మలు గీయించాడు. వాటి తెలుగు పేర్లూ రాసుకున్నాడు. సామర్లకోటకు, పెద్దాపురానికి ఉత్తరాన ఉన్న కొండల్లో సోమి పెరుగుతుందని రాశాడు. అంటే మా కొండలే. సింకోనా బెరడుకు బదులుగా దీన్ని జ్వరానికి వాడవచ్చని 1793లో అచ్చువేయించాడు. కోరమండల్ తీరపు మొక్కల మీద 1795 నుంచి 1819 దాకా మూడు సంపుటాలుగా వచ్చిన ఆయన పుస్తకంలో మూడు వందల బొమ్మలున్నాయి. అవి గీసింది మన దేశపు చిత్రకారులు. పుస్తకం ముందు పేజీలో వాళ్ల పేర్లు లేవు.

ఇంతవరకు చెప్పి పిల్లల్ని అడుగుతాను. "సామర్లకోటలో ఉన్న దొరకు ఇది సోమిద అని ఎవరు చెప్పి ఉంటారు?" బెరడు ఒలిచి చూపించిందెవరు? కొండ ఎక్కించిందెవరు? పిల్లలు రకరకాలుగా చెబుతారు. ఒకడు "మా తాతగారి తాత" అంటాడు. కావచ్చు, కాకపోవచ్చు. ఎవరో ఒకరు చెప్పారు. ఆయన పేరు ఎక్కడా లేదు. నేను ఈ కథ రాక్స్‌బర్గ్‌ను తిట్టడానికి చెప్పను. ఆయన స్థానిక పేర్లు రాసుకోబట్టే ఈ రోజు సోమిద అనే తెలుగు మాట ప్రపంచమంతటా తిరుగుతోంది. అయినా ప్రశ్న ప్రశ్నే. (జ్వరమొస్తే ఎవరూ బెరడు నమిలి ఊరుకోవద్దనీ, ఆశా కార్యకర్త దగ్గరకు వెళ్లి రక్తపరీక్ష చేయించుకోమనీ కూడా అక్కడే చెబుతాను. మన ఏజెన్సీలో మలేరియా ఎంతమందిని తీసుకుపోయిందో మనకు తెలుసు.)

రెండు వందల ఏళ్ల కిందటి ప్రశ్న మా నడకలోకే వచ్చి నిలబడింది.

మా పెద్దమామకు ఈ కొండ మీద తెలియని మొక్క లేదు. మొదట్లో ఆయన ప్రతి నడకకూ వచ్చేవాడు. ఒక రోజు కాలిబాట పక్కన ఒక చిన్న మొక్క దగ్గర ఆగి, వంగి, ఆకు నిమిరాడు. వచ్చినవాళ్లలో ఒకాయన అది గమనించాడు. "పెద్దాయనా, దీని వేరు దేనికి వాడతారు?" అని అడిగాడు. మామ లేచి, "మేకలు తింటాయి బాబూ" అన్నాడు. అందరూ నవ్వి ముందుకు కదిలారు.

ఇంటికి వచ్చే దారిలో అడిగాను. "అది మేకల మేత కాదుగా మామా?"

"మేకలూ తింటాయి. అబద్ధం చెప్పలేదుగా."

"చెబితే ఏమవుతుంది?"

"పోయినేడు కింద రోడ్డు మీద ఆపిన వ్యాను మర్చిపోయావా అమ్మాయ్? గోనెసంచుల్లో ఏం పట్టుకెళ్లారు? వేరు పీకితే మొక్క ఎక్కడుంటది? ఆకు అడిగినోడికి ఆకు ఇవ్వొచ్చు. వేరు అడిగినోడికి మాట కూడా ఇవ్వకూడదు."

ఆయన మాటలో నిజం ఉంది. మా తపసి చెట్లకు ఏమైందో ఆయన తరం చూసింది. జిగురు కోసం గొడ్డలితో లోతుగా నరికిన చోట్ల మాన్లు ఎండిపోయాయి. బెరడు మీద చిన్న గాటు పెట్టి తీసే పద్ధతి తర్వాత వచ్చింది. అప్పటికే పోయిన చెట్లు తిరిగి రాలేదు.

మరికొన్నాళ్లకు ఇంకోటి జరిగింది. మాతో నడిచి వెళ్లిన ఒక బృందం చిన్న పుస్తకం అచ్చువేసింది. మంచి కాగితం, రంగు బొమ్మలు. మామ చెప్పిన మాటలు చాలా ఉన్నాయందులో. ఆయన పేరు లేదు. "స్థానిక గిరిజనుల కథనం ప్రకారం" అని ఉంది. ప్రతి బొమ్మ కిందా ఫొటో తీసినవారి పేరు మాత్రం ఉంది. చెట్టును ఫొటో తీసినవాడికి పేరుంది, చెట్టును చూపించినవాడికి కులం పేరు కూడా సరిగ్గా లేదు. ఆ పుస్తకం కూడా ఊరికి ఎవరూ పంపలేదు. పట్నంలో చదువుకునే మా పిల్లాడొకడు కొని తెస్తే చూశాం. మామ బొమ్మలన్నీ తిరగేసి, "బాగా తీశారు" అని పక్కన పెట్టేశాడు. ఆ తర్వాత బయటివాళ్ల నడకకు రావడం మానేశాడు.

ఇది మా ఒక్క ఊరి కథ కాదు. కేరళలో అగస్త్య కొండల్లో కాణి అనే ఆదివాసులున్నారు. 1987లో అక్కడికి మొక్కల పరిశోధనకు వెళ్లిన శాస్త్రజ్ఞులకు దారి చూపించిన కాణి యువకులు నడకలో ఏవో చిన్న కాయలు తింటూ అలసట లేకుండా నడిచారు. ఏమిటవి అని అడిగితే మొదట చెప్పలేదు. చివరికి చెప్పారు. ఆ మొక్కే ఆరోగ్యపచ్చ. దాని నుంచి జీవని అనే మందు తయారైంది. 1995లో దాని తయారీ హక్కును ఒక ఆయుర్వేద సంస్థకు ఇచ్చారు. వచ్చిన ఫీజులో, రాయల్టీలో సగం కాణి ప్రజలకు చెందాలని నిర్ణయించి, 1997లో వాళ్ల పేరున ట్రస్టు పెట్టారు. దేశంలో లాభం పంచిన తొలి ఉదాహరణల్లో ఒకటిగా దీన్ని చెబుతారు. కానీ కాణి వైద్యుల్లోనే కొందరు, మమ్మల్ని అడగకుండా మా విద్య ఎలా ఇచ్చారని అభ్యంతరం చెప్పారు. దారి చూపిన ఇద్దరు ముగ్గురు చెప్పిన మాట జాతి మొత్తం చెప్పినట్టేనా? ఈ ప్రశ్నకు డబ్బు జవాబు కాదు.

ఈ కథ నేను ఊరి కూటమిలో చెప్పాను. చట్టాల గురించీ చెప్పాను. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థల స్థాయిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు ఉండాలి, ప్రజల జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. 2006 అటవీ హక్కుల చట్టం మనకు భూమి పట్టా ఒక్కటే ఇవ్వలేదు. జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి సామూహిక హక్కు ఉందని కూడా చెప్పింది. పట్టా గురించి అందరికీ తెలుసు. ఈ రెండో మాట మన చదువుకున్న పిల్లలకే తెలియదు.

ఆ కూటమిలో నడకలు ఆపేద్దామన్నవాళ్లున్నారు. వచ్చేవాళ్లలో మంచివాళ్లూ ఉన్నారు, అందరికీ తలుపు మూయొద్దన్నవాళ్లూ ఉన్నారు. చివరికి నాలుగు కట్టుబాట్లు పెట్టుకున్నాం. ఒకటి, ఎవరొచ్చినా ముందు ఊరికి కబురు చేయాలి, ఎందుకొస్తున్నారో చెప్పాలి. రెండు, ఎవరు చెప్పిన సంగతి రాసుకుంటే వాళ్ల పేరు రాయాలి, అదీ వాళ్లు ఒప్పుకుంటేనే. అచ్చువేస్తే ఒక ప్రతి ఊరికివ్వాలి. మూడు, పేరు చెబుతాం, పువ్వు చూపిస్తాం, కథ చెబుతాం. మందు వాడుక, మోతాదు చెప్పం. వేరు, దుంప మొక్కల దగ్గర ఫోనులో చోటు గుర్తు ఆపేయాలి, ఎందుకంటే ఫొటోతో పాటే ఆ మొక్క ఎక్కడుందో కూడా బయటకు పోతుంది. నాలుగు, చెట్టు నుంచి తుంచకూడదు. రాలింది ఏరుకోవచ్చు.

కొందరు ఈ కట్టుబాట్లు విని రావడం మానేశారు. ఎక్కువమంది వస్తూనే ఉన్నారు. వాళ్లలో ఒక లెక్చరరు గారు తన విద్యార్థుల చేత రికార్డు పుస్తకాల్లో మొక్క పేరు పక్కన చెప్పినవారి పేరు రాయిస్తున్నారు. వాళ్ల వల్ల మేమూ నేర్చుకుంటున్నాం. ఒకేలా కనిపించే రెండు మొక్కల్ని పువ్వు విప్పి వేరు చేయడం, భూతద్దం పట్టడం, ఆకును కాగితాల మధ్య నొక్కి ఆరబెట్టడం మా పిల్లలు వాళ్ల దగ్గరే నేర్చారు.

బయటి తలుపు సంగతి అలా తేలింది. నాకు అంతకంటే ఎక్కువ బెంగ లోపలి తలుపు గురించి.

ఒక రోజు తరగతిలో, మీకు తెలిసిన చెట్ల పేర్లు రాయమన్నాను. సగం మంది ఆపిల్‌తో మొదలుపెట్టారు. ఈ కొండ మీద ఆపిల్ చెట్టు ఎవరు చూశారు? పిల్లల తప్పు కాదు. ఆరేళ్లకే హాస్టల్‌కు వస్తారు. మామిడి కోతప్పుడు బడి ఉండదు కాబట్టి అది తెలుసు. దుంపలు తవ్వే రోజుల్లో బడిలో ఉంటారు. మా అమ్మకు తెలిసిన దుంపల్లో నాకు సగం తెలుసు. నా కూతురికి వండిన దుంప తెలుసు కానీ దాని తీగ తెలియదు. బయటివాడికి చెప్పకపోతే విద్య దాగుతుంది. ఇంట్లో పిల్లకు చెప్పకపోతే విద్య చచ్చిపోతుంది. మనం మొదటి భయంలో పడి రెండోదాన్ని చూడటం లేదు.

అందుకని పెద్దమామ ఇంటికి వెళ్లాను. "పట్నం వాళ్లకు వద్దు మామా. మన పిల్లలకు చెప్పు. ఫోన్లుండవు, కెమెరాలుండవు" అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "గుణపాలు తెమ్మను" అన్నాడు.

ఆ నడక వేరుగా సాగింది. అరగంట ఉపన్యాసం లేదు. మామ ఒక చేదు దుంప తీగ దగ్గర కూర్చుని, పిల్లల చేత తవ్వించాడు. సగం దుంప బయటపడగానే ఆపమన్నాడు. తీగ మొదలున్న తలముక్కను కోసి, మళ్లీ గోతిలో పెట్టించి, మట్టి కప్పించాడు. "ఇది వచ్చే ఏడు నీ తమ్ముడికి" అన్నాడు. దుంపను ఊళ్లోకి తెచ్చాక ఆడవాళ్లు అందుకున్నారు. పల్చగా తరిగి, ఉడికించి, బుట్టలో వేసి, పారే వాగులో పెట్టారు. విషం కడుక్కుపోయేదాకా తినకూడదనీ, ఎవరూ సొంతంగా ప్రయత్నించకూడదనీ పిల్లలకు గట్టిగా చెప్పారు. మామిడి పండుగ కాకుండా కాయ ఎందుకు కోయకూడదో ఒక అవ్వ చెప్పింది. పండుగ దాకా ఆగితే టెంక ముదురుతుంది. టెంక ముదిరితేనే జీడిలో పిండి ఉంటుంది. ఆ పిండే వానాకాలంలో అంబలి. దేవత మాటగా చెప్పిన కట్టుబాటులో కొండ లెక్క ఎంత ఉందో ఆ రోజు పిల్లలకు తెలిసింది.

తిరిగొస్తూ మామ కాలిబాట పక్కన ఆగాడు. అదే చిన్న మొక్క. పిల్లలు చుట్టూ మూగారు. ఈసారి ఆయన మేకల మాట ఎత్తలేదు. అది దేనికో, ఎంత తీయాలో, ఎప్పుడు తీయకూడదో చెప్పాడు. నేనూ అప్పుడే విన్నాను. ఇక్కడ రాయను.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. మొక్కల నడకకు నిధులు అక్కర్లేదు, ప్రత్యేక శిక్షణ అక్కర్లేదు. పరిసరాల విజ్ఞానం పాఠం ఒకటి తీసుకోండి. ఊళ్లో తెలిసిన ఒక అవ్వనో తాతనో ఆ రోజుకు టీచరుగా పిలవండి. కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఒక నడకకు అయిదు మొక్కలు చాలు. నల్లజీడి లాంటి ఒళ్లు పొక్కించే చెట్లు ఏవో ముందే చెప్పండి. పువ్వు, కాయ, బెరడు తాకి చూడనివ్వండి, నోట్లో పెట్టుకోనివ్వకండి. అదే మొక్కల దగ్గరకు ఎండాకాలంలో ఒకసారి, వానల్లో ఒకసారి, మంచు రోజుల్లో ఒకసారి తీసుకెళ్లండి. ఏడాదంతా ఒక చెట్టును చూసిన పిల్ల దాన్ని మర్చిపోదు.

చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇంకో మాట. మీలో బోటనీ చదివేవాళ్లున్నారు, ఫార్మసీ చదివేవాళ్లున్నారు. రేపు మీ చేతిలోనే కెమెరా ఉంటుంది, మీ పేరే పుస్తకం మీద ఉంటుంది. సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు మీ అమ్మ బుట్టలో ఏముందో అడగండి. కోయ, గోండి, కువి, మా కొండరెడ్ల తెలుగు, ఏ భాషలో చెబితే ఆ భాషలోనే రాసుకోండి. ఊరు ఒప్పుకున్నదే బయట పెట్టండి.

మా బడిలో ఒక పెద్ద నోటు పుస్తకం ఉంది. పిల్లలే రాస్తారు. గీతలు గీసి అయిదు గడులు చేశాం. మన పేరు, శాస్త్రీయ నామం, ఎప్పుడు పూస్తుంది, ఎంత తీసుకోవాలి, పేరు చెప్పిందెవరు. శాస్త్రీయ నామం దొరక్కపోతే ఆ గడి ఖాళీగా వదలొచ్చు, తర్వాత వెతుకుదాం. చివరి గడి ఖాళీగా ఉంటే మాత్రం నేను ఆ పేజీకి మార్కులు వేయను.